కూల్చేస్తున్న మండువా ఇంటి టేకు హైదరాబాద్ ఫ్లాట్‌కి తెచ్చుకుంటే పర్యావరణానికి మేలా, ఉత్త సెంటిమెంటా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నల్లగండ్లలో 1450 చదరపు అడుగుల ఫ్లాట్ తీసుకున్నాం, తాళాలు చేతికొచ్చాయి. ఇంటీరియర్ వాళ్లు 11 లక్షలకి కొటేషన్ ఇచ్చారు. అన్ని గదులకీ ఫాల్స్ సీలింగ్, గోడంత టీవీ యూనిట్, వెనక లైటు వెలిగే పూజ జాలీ, మూడు వార్డ్‌రోబులు, వాటిపైన లాఫ్టులు, మాడ్యులర్ కిచెన్. త్రీడీ బొమ్మలు చూసి మా ఆవిడ ఒకటే మాట అంది: "ఇందులో మనం ఎక్కడున్నాం?"

ఇదే టైములో కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు కూల్చేస్తున్నారు. పెంకులు జారిపోయాయి, చూసేవాళ్లు లేరు, నలుగురి వాటాలు. ఆపాలని చూశాం, కుదరలేదు, ఆ విషయం వదిలేయండి. టేకు దూలాలు, రెండు రెక్కల తలుపులు, ఉయ్యాలబల్ల, భోషాణం ఉన్నాయి. "కావాల్సింది పట్టుకెళ్లు, మిగతాది పాత కలప వాడికి ఇచ్చేస్తా" అంటున్నాడు బాబాయ్. ఆ కలపతోనే ఇల్లంతా చేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పర్యావరణానికీ మంచిదని మా ఆవిడ వాదన. నిజమేనా?

ప్లైవుడ్_పంతులు

కూకట్‌పల్లిలో వర్క్‌షాప్ ఉంది, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకున్నా ఫరవాలేదు. ఖర్చు తగ్గదండీ. పాత దూలంలో ఎన్ని మేకులు విరిగి లోపలుండిపోయాయో కోసేదాకా తెలీదు. రంపం బ్లేడు ఒక్క మేకుకి పోతుంది. పైపొర తెల్ల చెక్కకి చెద పట్టి ఉంటుంది, అది తీసెయ్యాలి. గోడలో పాతుకున్న చివర్లు పుచ్చిపోయి ఉంటాయి. మీరు పది అనుకున్న ఘనపుటడుగులు చివరికి ఆరో ఏడో తేలతాయి. ఆ పని తెలిసిన వడ్రంగి రోజు కూలి, మాడ్యులర్ ఫిట్టర్ రోజు కూలి ఒకటి కాదు.

ఇంకోటి. 14 అడుగుల దూలం మీ సర్వీస్ లిఫ్టులో పట్టదు. ఊళ్లోనే కోయించి తేవాలి. టేకు రవాణాకి అటవీశాఖ పర్మిట్ నిబంధనలున్నాయి, పాత కలప అన్నా దారిలో ఆపి అడుగుతారు. కూల్చకముందు ఇంటి ఫోటోలు తీసి, పంచాయతీ నుంచి కాగితం తీసుకుని, రేంజ్ ఆఫీసులో ముందే కనుక్కోండి.

సున్నపుబట్టీ

పంతులుగారు చెప్పిన తరుగు నిజమే. కానీ ఆయన చెప్పనిదొకటి ఉంది. మాడ్యులర్ కొటేషన్లలో కిచెన్‌కి మాత్రం మంచి ప్లైవుడ్ రాసి, వార్డ్‌రోబులకీ టీవీ యూనిట్‌కీ చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు పెడతారు. వాటిని అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నెలల తరబడి వాయువు వదులుతూనే ఉంటుంది. కొత్త కబోర్డు తెరిస్తే కళ్లు మండే వాసన అదే. ఫార్మాల్డిహైడ్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థాల్లో చేర్చింది. కిటికీలు మూసి ఏసీ వేసుకుని పడుకునే గదిలో మూడు గోడలు దానితో నింపుకుని, ప్రశాంతత కోసం మూలన ఓ మనీప్లాంట్ పెట్టుకుంటున్నాం.

ప్లైవుడ్_పంతులు

అన్నిటినీ ఒకే గాటన కట్టకండి సార్. నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్‌లో వాడేది ఫినాల్ జిగురు, అది వదిలేది చాలా తక్కువ. బోర్డుల్లోనూ ఆ వాయువు తక్కువ వదిలే ఈ-1, ఈ-0 రకాలున్నాయి. కస్టమర్ అడగడు. లామినేట్ రంగు గురించి మాత్రం గంటసేపు మాట్లాడతాడు. కొటేషన్‌లో ఏ షీటు, ఏ గ్రేడు, అంచులు అన్నివైపులా సీల్ చేస్తారా లేదా అన్నది రాయించుకోండి. సగం సమస్య అక్కడే పోతుంది.

లక్ష్మి_కాకినాడ

మగవాళ్లంతా జిగురు గురించీ దూలాల గురించీ మాట్లాడుతున్నారు. దుమ్ము ఎవరు తుడుస్తారు నాయనా? మా అత్తగారింట్లో చెక్కిన ద్వారబంధం ఉండేది, లతలూ చిలకలూ. ప్రతి పండక్కీ పుల్లకి గుడ్డ చుట్టి ఆ చిలకల రెక్కల మధ్య మురికి తీసింది నేను. ఇత్తడి గుబ్బలకి చింతపండు రుద్దింది నేను. వచ్చినవాళ్లు "ఎంత కళగా ఉందో" అని వెళ్లిపోయేవాళ్లు.

ప్రశాంతమైన ఇల్లంటే నా లెక్కలో తుడవడానికి సులువైన ఇల్లు. వంటింట్లో తలుపుల్లేని అరలు ఫోటోలకి బాగుంటాయి. మన పోపుల జిడ్డుకి వారంలో డబ్బాలన్నీ చెయ్యి అంటుకుంటాయి. వంటింటి వరకు మూత అరలు, నున్నటి లామినేట్ పెట్టించుకో గోదారిగట్టూ, మీ ఆవిడ సుఖపడుతుంది.

మూసీ_ఒడ్డు

అక్కా, మీ మాటకి వంద లైకులు. నేనైతే కలప కంటే నేల గురించి అంటా. ఆ మెరిసే విట్రిఫైడ్ టైల్స్ తీయించి మన తాండూరు బండ వేయించు అన్నా. నీలం బండ మ్యాట్ పాలిష్ కొట్టిస్తే ఎండాకాలం దాని మీద చాప లేకుండనే పండుకోవచ్చు. వికారాబాద్ పక్కనుంచి వస్తది, కాల్చే పని లేదు, బట్టీ లేదు. మీ ఆంధ్రా బండే కావాల్నంటే బేతంచర్ల బండ ఉండనే ఉంది.

సున్నపుబట్టీ

తాండూరు బండ నాకూ ఇష్టమే, సొంత స్థలంలో కట్టుకునే ఇంటికి కళ్లు మూసుకుని చెబుతాను. ఇక్కడ వద్దు. నిన్న వేసిన టైల్స్ పగలగొట్టి చెత్తలో పోసి ఆ తర్వాత పర్యావరణం అంటే ఎలా? పోనీ టైల్స్ మీదే పరుద్దామంటే బరువు లెక్క ఉంది. 25 మిల్లీమీటర్ల బండ చదరపు మీటరుకి 65 కిలోల దాకా తూగుతుంది, కింద 40 మిల్లీమీటర్ల సిమెంటు మాల్ మరో 80. ఇళ్ల శ్లాబుకి మనుషులు, సామాన్లు అన్నీ కలిపి లెక్కేసే బరువు చదరపు మీటరుకి 200 కిలోలే. అందులో చాలా భాగం మీరు బండలతోనే తినేస్తున్నారు. ఎర్ర గచ్చు చేయిస్తామని అడిగేవాళ్లకీ ఇదే జవాబు. పైగా ఆ గచ్చు నునుపు తేల్చగల మేస్త్రీ దొరకడం కష్టం, శ్లాబు కాస్త ఊగితే పగుళ్లొస్తాయి.

శాస్త్రి_వాస్తు

ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. పాత ఇంటి కలప కొత్త ఇంటికి వాడకూడదని పెద్దలు చెబుతారు. కూలిన ఇంటి ద్వారబంధం అసలే పనికిరాదు. నమ్మకం ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

మూసీ_ఒడ్డు

శాస్త్రిగారూ, ఇది కూలిన ఇల్లు కాదు, కూలుస్తున్న ఇల్లు. అదే టేకు పాత సామాన్ల షాపుకి పోయి, పాలిష్ అయి, రెండింతల ధరకి ఎవరింటికో పోతది. జుమ్మెరాత్ బజార్ల దొరికే పాత కుర్చీ ఎవరింటిదో ఎవరికి తెలుసు? దానికి లేని దోషం తాత దూలానికి ఉంటదా?

డాలస్_బాబు

ఇక్కడ మా ఫ్రెండ్స్ కొందరు కారైకుడి నుంచి చెట్టినాడు స్తంభాలు షిప్పులో తెప్పించి డ్రైవాల్ (జిప్సం పలకల గోడల) ఇంట్లో నిలబెట్టుకున్నారు. అవి దేన్నీ మోయవు. సస్టెయినబుల్ అని హౌస్‌వార్మింగ్‌లో చెప్పారు, నేను సమోసా తిని ఊరుకున్నాను. మీది 450 కిలోమీటర్లే, అదృష్టవంతులు.

సున్నపుబట్టీ

మూసీ_ఒడ్డు అన్న మాటలో అసలు విషయం ఉంది. గోదారిగట్టు గారూ, మీరు తెచ్చుకోకపోయినా ఆ దూలాలు పొయ్యిలోకి పోవు. టేకుకి గిరాకీ ఉంది, ఎవరో ఒకరు వాడతారు. కాబట్టి మీరు తెచ్చుకోవడం వల్ల చెట్టు బతికిందని చెప్పలేం. మీ ఇంట్లో అది దేనికి బదులుగా వస్తోందన్నదే లెక్క. కొనబోయే కొత్త మంచానికి బదులు వస్తే మేలు. 11 లక్షల పని మొత్తం చేయించుకుని, దాని పక్కన అలంకారానికి భోషాణం పెడితే మీ ఇంట్లోకి ఇంకో వస్తువు వచ్చిందంతే.

నన్నడిగితే ఆ కొటేషన్‌లో కొట్టేయాల్సినవి ముందు చూడండి. ఫాల్స్ సీలింగ్ ఎందుకు? తొమ్మిదిన్నర అడుగుల ఎత్తుని ఎనిమిదిన్నరకి దించి, అందులో ఇరవై లైట్లు గుచ్చి, వేడి నెత్తి మీదికి తెచ్చుకోవడం. టీవీకి గోడంత యూనిట్ ఎందుకు? లాఫ్టులన్నీ నింపేది అట్టపెట్టెలతోనే కదా. ఆ డబ్బులో కొంత పెట్టి ఫ్యాన్లు మార్చండి. పాత రకం ఫ్యాను 75 వాట్లు లాగితే కరెంటు తక్కువ లాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 35 లోపే. నాలుగు ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 70 యూనిట్ల పైమాటే ఆదా. పడమర కిటికీకి బయటి వైపు నీడ కావాలి, లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. అసోసియేషన్ వాళ్లు బయట ఏమీ కట్టనివ్వకపోతే బాల్కనీలో వట్టివేళ్ల తడిక వేలాడదీయండి. నీళ్లు చల్లితే గది చల్లబడుతుంది, వాసన వేరే చెప్పాలా.

అద్దె_జీవి

ఓనర్ల సమస్యలు చదువుతుంటే కడుపు నిండిపోతోంది. గోడకి మేకు కొడితే అడ్వాన్సులో కోసే ఇంట్లో ఉంటున్నా నేను. చేసిందల్లా 6500 కెల్విన్ తెల్ల బల్బులు తీసి దాచి 2700 కెల్విన్ పసుపు బల్బులు పెట్టడం, వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి పరచడం, పడక కుర్చీ ఒకటి. ఖాళీ చేసేటప్పుడు అన్నీ నాతోనే వస్తాయి. ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉండే హాలు ఒక్క బల్బు మార్పుతో ఇల్లయింది. మీరు 11 లక్షలు ఖర్చుపెట్టే ముందు 200 రూపాయల బల్బుతో మొదలుపెట్టండి సార్.

లక్ష్మి_కాకినాడ

అద్దె_జీవి తమ్ముడూ, కూరగాయలు తరిగే చోట మాత్రం తెల్ల లైటే ఉండాలి. పసుపు వెలుగులో వంకాయ పుచ్చు కనపడదు.

గోదారిగట్టు

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. ఇద్దరం కూర్చుని చదివాం. కొలతలు తెప్పించాం. తలుపుల ఎత్తు ఐదూ ముప్పావు అడుగులే, ఫ్లాట్ గుమ్మాలు ఏడు అడుగులు. తలుపులుగా పనికిరావు. వీధి తలుపు మార్చడానికి అసోసియేషన్ ఎలాగూ ఒప్పుకోదు.

ఇప్పటికి అనుకున్నది: రెండు దూలాలు రాజమండ్రిలోనే కోయించి మంచం, భోజనాల బల్ల. తలుపు రెక్కలు అడ్డంగా పడుకోబెట్టి కింద కాళ్లు వేసి హాల్లో దివాన్‌లా. భోషాణంలో పరుపులు, దుప్పట్లు పోతాయి, కాబట్టి ఒక వార్డ్‌రోబు కొట్టేశాం. ఫాల్స్ సీలింగ్, టీవీ గోడ, జాలీ కొట్టేశాం. కిచెన్ లక్ష్మిగారు చెప్పినట్టే. ఉయ్యాలబల్ల దగ్గర మాత్రం ఇంట్లో ఇంకా గొడవగా ఉంది.

ప్లైవుడ్_పంతులు

ఉయ్యాలకి కొక్కేలు శ్లాబులో కాదు, బీములో దిగాలి. బీము ఎక్కడుందో బిల్డర్ డ్రాయింగ్ చూపించండి, రసాయన యాంకర్లు (రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టులు) వేయించండి, పక్కన ఇంజినీరు ఉండాలి. మామూలు ఫ్యాను హుక్కుకి కట్టే ఆలోచన చేయకండి, ఇద్దరు కూర్చుని ఊగితే ఆ లాగుడు వేరు.

తలుపు రెక్కల దివాన్ బాగుంటుంది, దానికి వంక పెట్టను. కానీ ఫాల్స్ సీలింగ్ మొత్తం తీసేస్తే మూడు ఏసీల రాగి పైపులు, వైర్లు ఎక్కడ దాస్తారు? వాటిని చూస్తూ ప్రశాంతంగా ఎలా పడుకుంటారో నాకు అర్థం కావట్లేదు.

సున్నపుబట్టీ

గోడ వెంట పైపుల్ని పెట్టెలా మూసే ఆరంగుళాల బాక్సింగ్ చాలు, గోడ రంగే వేస్తే రెండో వారానికి ఎవరికీ కనపడదు. ఇంతకీ మూడు ఏసీలు ఎందుకు? ముందు ఒక్క వేసవి ఒకదానితో గడిపి చూడండి, పైపులు మాత్రం మూడు గదులకీ ఇప్పుడే లాగించి ఉంచుకోండి.

లక్ష్మి_కాకినాడ

ఆ బాక్సింగ్ పైన బూజు ఎవరు దులుపుతారో అది కూడా రాసుకోండి.