సైట్ హెడ్జ్‌లో డార్‌మౌస్ సర్వే: రెండు నెలల్లో అవుతుందా?

కెంట్_సివిల్ (జులై 4)
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో కెంట్ దగ్గర ఒక హౌసింగ్ సైట్‌లో అసిస్టెంట్ ఇంజనీర్‌ని. లోపలికి రోడ్డు వేయాలంటే పాత హెడ్జ్‌లో (పొదల కంచెలో) 30 మీటర్లు తీసేయాలి. ఎకాలజిస్ట్ వచ్చి చూసి, డార్‌మౌస్ (పొదల్లో బతికే, చట్టం రక్షణ ఉన్న ఎలుకలాంటి చిన్న జీవి) సర్వే చేయకుండా కొమ్మ కూడా నరకొద్దన్నారు. మేనేజర్ ఆగస్టు కల్లా తేల్చమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

డెవాన్_పొదలు
తమ్ముడూ, నేను డెవాన్‌లో ఇదే పని చేస్తాను. ముందు ఒక్క మాట: "ఉంది" అని చెప్పడానికి ఒక్క గూడు కనిపించినా చాలు, ఆ రోజే తేలిపోతుంది. "లేదు" అని చెప్పడానికే నెలలు పడతాయి. మీ మేనేజర్‌కి ఇక్కడినుంచే చెప్పండి.

మామూలుగా అవి గూడు పెట్టుకునేలా 50 నెస్ట్ ట్యూబులు, ఇరవై మీటర్లకొకటి చొప్పున కొమ్మల కింద కడతాం. ప్లాస్టిక్ గొట్టం, లోపల ప్లైవుడ్ ట్రే, అంతే. ట్యూబులు ఉంచిన ఒక్కో నెలకు, అప్పుడు డార్‌మౌస్ కనిపించే అవకాశాన్ని బట్టి కొన్ని పాయింట్లు: ఏప్రిల్ 1, మే 4, జూన్ 2, జులై 2, ఆగస్టు 5, సెప్టెంబర్ 7, అక్టోబర్ 2, నవంబర్ 2. "లేదు" అనాలంటే మొత్తం కనీసం 20 రావాలి. మీరు ఇప్పుడు కడితే నవంబర్ దాకా ఉంచినా 18 దగ్గరే ఆగిపోతుంది. ఏమీ కనిపించకపోతే వచ్చే ఏడాది మళ్లీ కొనసాగించాల్సిందే. మే ముందే కట్టి ఉంటే సెప్టెంబర్‌కి సరిపోయేది. చాలా సైట్లలో ఎకాలజిస్ట్‌ని ఆలస్యంగా పిలుస్తారు, నాకు ఎప్పుడూ బాధ కలిగించేది అదే.

కాయలు_ఏరేవాణ్ణి
ససెక్స్‌లో వాలంటీర్‌ని. మీ హెడ్జ్‌లో హేజెల్ చెట్లుంటే సెప్టెంబర్ నుంచి కింద రాలిన కాయలు వెతకండి, దానికి లైసెన్స్ అక్కర్లేదు. డార్‌మౌస్ కొరికిన కాయకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. లోపలి అంచు నున్నగా, చెక్కినట్టు ఉంటుంది. పంటి గాట్లు పెంకు పైభాగాన ఏటవాలుగా పడతాయి. మామూలు అడవి ఎలుక కొరికితే అంచు మీద అడ్డంగా గీతలు కనిపిస్తాయి. మొదట్లో నేను వంద కాయలు ఏరి వందా తప్పు చెప్పాను, చేతి లెన్స్ కొన్నాకే కన్ను కుదిరింది.

గూడు కూడా అంతే. హనీసకుల్ అనే తీగ బెరడు పీచుతో బంతిలా అల్లి, చుట్టూ పచ్చి ఆకులు చుట్టి ఉంటే మనవాడిదే. ఎండుటాకులు ఊరికే కుక్కి ఉంటే ఎలుకది.

కెంట్_సివిల్
చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఇంకో అనుమానం. చలికాలంలో నిద్రపోతాయి కదా, అప్పుడు హెడ్జ్ తీసేస్తే వాటికి ఇబ్బంది ఉండదని ఇక్కడ ఒకాయన అంటున్నారు.

వేల్స్_సైట్
దయచేసి ఆ మాట వినకండి. చలికాలంలో అవి కొమ్మల మీద ఉండవు, నేల మీద ఆకుల కింద, మోళ్ల మొదట్లో పడుకుంటాయి. నేను పనిచేసిన ఒక సైట్‌లో జనవరిలో డిగ్గర్‌తో మోళ్లు పెకిలించారు. తర్వాత ఆ మట్టిలో దొరికిన చిన్న గూటిని నేనే చేత్తో తీశాను. ఇప్పటికీ మరిచిపోలేను. పని ఆగింది, విచారణ జరిగింది, కానీ పోయిన ప్రాణం రాలేదు.

హెడ్జ్ తీయడానికి లైసెన్స్ వచ్చాక కూడా పద్ధతి రెండు దఫాలు. చలికాలంలో మనుషులు నడిచి, చేతి పనిముట్లతో పైభాగం మాత్రమే కోస్తారు, నేల కదపరు. వసంతంలో అవి లేచి, పక్క పొదల్లోకి వెళ్లిపోయాక, మే తర్వాత మోళ్లు తీస్తారు. వీటిని కాపాడే చట్టాన్ని కాదంటే జైలు శిక్ష, పరిమితి లేని జరిమానా ఉన్నాయి.

డెవాన్_పొదలు
లైసెన్స్ ఇచ్చేముందు నేచురల్ ఇంగ్లండ్ (ప్రకృతి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) అడిగే వాటిలో ఒకటి, "వేరే దారి లేదా?" అని. కాబట్టి తమ్ముడూ, డ్రాయింగ్ మళ్లీ చూడు. ఆ హెడ్జ్‌లో ఇప్పటికే పాత గేటు సందు ఉందా? రోడ్డు అటు జరిపితే కొత్తగా నరకాల్సింది తగ్గుతుంది. కొత్త మొక్కలు నాటినా అవి పొదలై కాయలు కాయడానికి ఏళ్లు పడుతుంది. నేల మీద నడవడం ఇష్టపడని జీవికి ఆ 30 మీటర్ల ఖాళీ పెద్ద అడ్డు. సౌత్ వేల్స్‌లో చర్చ్ విలేజ్ బైపాస్ మీద వీటికోసం ప్రత్యేకంగా వంతెనలు కట్టారు, కానీ ఉన్న పొదను ఉంచడమే మేలు. 2000 నుంచి బ్రిటన్‌లో వీటి సంఖ్య 70 శాతం పడిపోయిందని 2023 రిపోర్ట్ చెప్పింది. మనం కాపాడే ప్రతి మీటరూ లెక్కే.

కెంట్_సివిల్ (సెప్టెంబర్ 21)
అక్కా, పాత పొలం గేటు ఉంది! నాలుగు మీటర్ల సందు. రోడ్డు అటు జరిపి డ్రాయింగ్ ఇచ్చాను, కొత్తగా తీయాల్సింది ఆరు మీటర్లే. నిన్న 31వ ట్యూబులో గూడు దొరికింది, లైసెన్స్ ఉన్నావిడ మెల్లగా చూపించారు. బంగారు రంగు, ఉడతలాంటి తోక, నా బొటనవేలంత ఒళ్లు. మేనేజర్ కూడా వచ్చి చూశారు. చలికాలం కోతకు ఎవరిని పిలవాలో మీరు చెబితే వాళ్లతో మాట్లాడతాను.