అప్‌డేట్: అర్ధరాత్రి ఊరికే మోగే అలారం, కారణం దొరికింది

ఫర్మ్‌వేర్ (అలారం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యాక అమలాపురంలో మా ఇంటి దొంగల అలారం అర్ధరాత్రుళ్లు మోగుతోందని, అమ్మ ఒక్కతే ఉంటుందని టెన్షన్‌తో ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్. "ముందు బ్యాటరీ చూడండి" అన్నవారి మాటే నిజమైంది. టెక్నీషియన్ ప్యానెల్ (అలారం కంట్రోల్ పెట్టె) మూత తీస్తే 12 వోల్టుల బ్యాటరీ పొట్ట ఉబ్బి, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. మీటర్ పెడితే 9 వోల్టులే.

బయటి సైరన్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్ బ్యాటరీ పాడైంది కాబట్టి కరెంటు పోగానే ప్యానెల్ ఆరిపోవడం, సప్లై తెగింది కాబట్టి ఎవరో వైరు కోశారన్నట్టు సైరన్ మోగడం. వానాకాలం కోనసీమలో కరెంటు సంగతి తెలిసిందే కదా!

ఫర్మ్‌వేర్‌కు సంబంధమే లేదు, అనుమానపడ్డట్టు మోషన్ సెన్సార్ (కదలికను పసిగట్టేది) మీద పాకే బల్లులకూ లేదు. కొత్త బ్యాటరీ వేసి, మెయిన్ ఆపి అరగంట చూశాం. మోగలేదు. అమ్మ ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.