90ల నాటి ఎల్డొరాడో, మార్క్ 8, రివియెరా: ఏ మోడల్ సంవత్సరం నమ్మదగినది?

డాలస్ వాసి:
నమస్కారం. వారాంతాల్లో నడుపుకోవడానికి పాత అమెరికన్ లగ్జరీ కూపే (రెండు తలుపుల కారు) ఒకటి కొనాలనుకుంటున్నాను. కాడిలాక్ ఎల్డొరాడో, లింకన్ మార్క్ 8, బ్యూయిక్ రివియెరా అందుబాటు ధరల్లో ఉన్నాయి. రూపంలో నాకు నచ్చింది ఎల్డొరాడోయే గానీ, దాని నార్త్‌స్టార్ ఇంజిన్ పేరెత్తితే మెకానిక్ వద్దంటున్నారు. ఏ సంవత్సరపు కారు మేలో తెలిసినవారు చెప్పగలరు.

పాత వి8:
ఆ భయానికి కారణం ఉంది. నార్త్‌స్టార్ బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన భాగం) అల్యూమినియంతో చేసినది. దాని పైన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్‌ను బిగించే బోల్టులకు పట్టునిచ్చే థ్రెడ్లు ఏళ్ల తరబడి వేడికి, మార్చకుండా వదిలేసిన కూలెంట్‌కు దెబ్బతిని ఊడిపోతే, ఆ రెండిటి మధ్య సీలుగా ఉండే గ్యాస్కెట్ లీకై ఇంజిన్ వేడెక్కుతుంది. 2000 మోడల్‌కు ఇంజిన్‌ను సవరించడంతో ఈ బెడద కొంత తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. 2002తో ఎల్డొరాడో తయారీయే ఆగిపోయింది. కాబట్టి మరమ్మతు జరగని 2001 కారు కంటే, థ్రెడ్ల స్థానంలో ఉక్కు ఇన్సర్టులో స్టడ్లో వేయించినట్టు బిల్లు చూపగలిగే 1996 కారే నా దృష్టిలో మేలు. ఆ పని కొత్తగా చేయించాలంటే ఖర్చు కారు ధరనే మించిపోవచ్చు.

అయితే మీకు కావలసింది ఆ రూపమే అయితే 1992 మోడల్ వెతకండి. బాడీ అదే, ఇంజిన్ మాత్రం పాత 4.9 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్లది). శక్తి 200 హార్స్‌పవరే గానీ ఈ జబ్బుకు పేరుపడినది కాదు. 1993లో కూడా బేస్ మోడల్‌కు అదే ఇంజిన్ ఉంది. 1994 నుంచి అన్నిటికీ నార్త్‌స్టారే.

రహదారి:
మార్క్ 8 (1993–98) ఇంజిన్ గట్టిదే, ఇబ్బంది పెట్టేది ఎయిర్ సస్పెన్షన్ (గాలి నింపిన స్ప్రింగులపై కారును నిలిపే ఏర్పాటు). రబ్బరు స్ప్రింగులు ఎండి పగిలితే గాలి కారుతుంది, దాన్ని భర్తీ చేయడానికి ఆగకుండా తిరిగిన కంప్రెసర్ కాలిపోతుంది. చాలామంది కాయిల్ స్ప్రింగులకు మారుస్తారు; మెత్తదనం కొంత పోయినా చింత తీరుతుంది. రాత్రంతా నిలిపిన కారును ఉదయాన్నే చూస్తే, ఒక మూల కుంగిందో లేదో తెలిసిపోతుంది. రివియెరా తీసుకుంటే 1996–99 మధ్య వచ్చిన 240 హార్స్‌పవర్ సూపర్‌ఛార్జ్‌డ్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం ఉన్న) వి6 చూడండి. సూపర్‌ఛార్జర్ లేని వి6లో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని చేర్చే భాగం) వేడికి దెబ్బతిని కూలెంట్ లోపలికి కారడం తరచూ జరిగేది.

డాలస్ వాసి:
ధన్యవాదాలు. 1997 ఎల్డొరాడో ఒకటి చూశాను. ఎన్నడూ వేడెక్కలేదని అమ్మే ఆయన అంటున్నారు, బిల్లులేవీ లేవు.

పాత వి8:
అయితే మాట మీద కొనకండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపించి, కూలెంట్ ట్యాంకు దగ్గర బ్లాక్ టెస్ట్ (ట్యాంకులోని గాలిని ఒక నీలి ద్రవం గుండా పంపే పరీక్ష) చేయించండి. దహన వాయువులు కలిస్తే ఆ నీలి ద్రవం పసుపుగా మారుతుంది. దానికి ఆయన ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి.