రీసైకిల్ ప్లాస్టిక్ నల్ల టబ్బుల్లో ఆకుకూరలు పెంచవచ్చా? ఆ నీరు ఇంకుడు గుంతలోకి వెళ్తే?

మిద్దెతోట, ఉప్పల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా మా మిద్దె మీద ఆకుకూరలు, వంగ, టమాట పెంచుతున్నాను. నా దగ్గరున్న నలభై టబ్బుల్లో సగానికి పైగా చవకగా దొరికే నల్లటి రీసైకిల్ ప్లాస్టిక్ టబ్బులే. కొత్తలో కొన్నింటికి కిరోసిన్ వంటి వాసన ఉండేది. నాలుగు రోజులు ఎండలో పెడితే పోయింది కదా అని పట్టించుకోలేదు. రెండు వేసవులు గడిచేసరికి వాటి అంచులు పెళుసుబారి, చేత్తో పట్టి ఎత్తితే పెచ్చులుగా ఊడి మట్టిలో పడుతున్నాయి. టబ్బుల అడుగు నుంచి కారే నీరంతా వాననీటి గొట్టం గుండా ఇంటి ముందున్న ఇంకుడు గుంతలోకి పోతుంది. దానికి పదిహేను అడుగుల దూరంలోనే మా బోరు ఉంది. నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో విషపదార్థాలున్నాయని మా కోడలు ఎక్కడో చదివి, అదే ప్లాస్టిక్‌లో పెంచిన పాలకూర పిల్లలకు పెట్టవచ్చా అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఈ టబ్బుల నుంచి మట్టిలోకి, నీళ్ళలోకి నిజంగా ఏమి దిగుతుందో తెలిసినవారు చెప్పగలరా?

పాత దాణా మనిషి, కాటేదాన్:

మిద్దెతోట గారూ, నేను పాత ప్లాస్టిక్‌ను కరిగించి దాణా, అంటే కొత్త వస్తువులకు వాడే ప్లాస్టిక్ గుళికలు, తీసే యూనిట్లో పదకొండేళ్ళు పనిచేసి మానేశాను కాబట్టి మీ టబ్బు పుట్టుక గురించి చెప్పగలను. తుక్కు దుకాణాల నుంచి వచ్చిన సరుకును ముందుగా రకం, రంగు చూసి ఏరుతారు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీళ్ళలో తేలుతాయి. పీవీసీ, నీళ్ళ సీసాలకు వాడే పెట్ మునుగుతాయి. పాత టీవీల, కంప్యూటర్ల డొప్పల ముక్కలను ఉప్పునీళ్ళలో వేస్తే, మంటలు అంటుకోకుండా మందు కలిపినవి బరువుగా ఉండి అడుగుకు చేరతాయి, వాటిని వేరు చేయవచ్చు. శ్రద్ధగా చేస్తే చాలావరకు పనిచేసే పద్ధతే ఇది. అయితే తెల్లది, లేత రంగుది మంచి ధర పలుకుతుంది కనుక ముందు దాన్ని ఏరి, ఏ రంగుకూ చెందకుండా మిగిలిపోయిన సరుకంతా ఒకచోట పోసి, కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడి కలిపి నల్ల దాణా తీస్తారు. లోపలి రంగులన్నిటినీ కప్పగలిగేది నలుపు ఒక్కటే. పెయింటు డబ్బా, పురుగుమందు డబ్బా, విరిగిన కుర్చీ, టీవీ డొప్ప ఏ పాళ్ళలో ఉన్నాయో ఆ దాణా కొనేవాడికే తెలియదు, ఇక మీకెలా తెలుస్తుంది? మీరు చెప్పిన కిరోసిన్ వాసన, నా అనుభవంలో, థిన్నరో ఆయిలో పీల్చుకున్న డబ్బాలను సరిగా కడగకుండా గ్రైండర్లో వేస్తే వచ్చేది.

ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పాలి. మీరు టబ్బు నుంచి కారే చుక్కల గురించి దిగులు పడుతున్నారు గానీ, అదే ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి కాస్టిక్ సోడాతో కడిగిన నీళ్ళను శుద్ధి చేయకుండా నాలాలోకి వదిలే చోట, డబ్బాలకు అంటుకున్న మందు, సిరా, రంగు, ప్లాస్టిక్ నూక ఒక్క పూటలోనే చెరువు దారి పడతాయి. కాటేదాన్ మట్టిని నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, సీసం, క్రోమియం, నికెల్, జింక్ వంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని ప్రచురించారు. అక్కడ రకరకాల పరిశ్రమలున్నాయి కాబట్టి అదంతా ప్లాస్టిక్ పాపమని అనను.

రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం:

పై జవాబు చాలా విలువైనది. దానికి రసాయన శాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. ప్లాస్టిక్‌లోని పొడవాటి గొలుసు అణువులు నీటిలో కరగవు. కరిగేవి, కదిలేవి ఆ గొలుసుల మధ్య ఇరుక్కుని ఉన్న చిన్న పదార్థాలు. మెత్తదనానికి కలిపే థాలేట్లు, మంటను ఆపే బ్రోమిన్ సమ్మేళనాలు, పీవీసీ వేడికి చెడకుండా కలిపిన సీసం లవణాలు, పాత పసుపు, ఎరుపు రంగుల్లోని సీసం, కాడ్మియం ఇలాంటివే. ఇవి గొలుసుకు రసాయన బంధంతో అతుక్కుని ఉండవు కనుక వేడి పెరిగినకొద్దీ, తాకి ఉండే కాలం పెరిగినకొద్దీ, అన్నిటికన్నా ముఖ్యంగా ప్లాస్టిక్ పగిలి కొత్త ఉపరితలం బయటపడినకొద్దీ, ఎక్కువగా బయటికి వస్తాయి.

రీసైక్లింగ్‌లోని అసలు చిక్కు ఏమిటంటే, నిషేధించిన రసాయనం కూడా పాత వస్తువుతో పాటు కొత్త వస్తువులోకి ప్రయాణిస్తుంది. మంటను ఆపే బ్రోమిన్ సమ్మేళనాలు కొన్నింటిని, త్వరగా నశించని విష రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో నిషేధ జాబితాలో చేర్చింది, కానీ అవి ఉన్న పాత వస్తువుల రీసైక్లింగ్‌కు 2030 వరకు మినహాయింపు తీసుకునే వీలు కల్పించింది. టీవీ డొప్పల్లో విరివిగా వాడిన డెకా బీడీఈ అనే బ్రోమిన్ సమ్మేళనం 2017లో గానీ ఆ జాబితాకు ఎక్కలేదు. సీసం సంగతీ అంతే: ఐరోపా సమాఖ్య 2023లో పీవీసీలో సీసాన్ని 0.1 శాతానికి పరిమితం చేస్తూనే, పాత గట్టి పీవీసీ నుంచి తీసిన సరుకుతో చేసే కొన్ని వస్తువులకు 2033 వరకు 1.5 శాతం దాకా వెసులుబాటు ఇచ్చింది.

ఇక మీ బోరు సంగతి. డెకా బీడీఈ వంటివి నీటిలో దాదాపు కరగవు. కంపోస్టుకు, మట్టిలోని సేంద్రియ పదార్థానికి అంటుకుని అక్కడే ఉండిపోతాయి. కాబట్టి కారే నీటికన్నా ఊడిపడే పెచ్చులే వాటికి వాహనం. సీసం కూడా మట్టిలో పెద్దగా కదలదు, అయితే మట్టి ఆమ్లగుణం పెరిగితే దాని కదలిక పెరుగుతుంది. ఆకుకూరల విషయంలో నేను జాగ్రత్తపడేది కాడ్మియంతోనే, ఎందుకంటే పాలకూర దాన్ని వేళ్ళ నుంచి ఆకుల దాకా సులభంగా లాక్కుంటుంది. మీ టబ్బులు అంత త్వరగా పెళుసుబారడం కూడా ఒక సూచన. మంచి నల్ల నీటి గొట్టంలో 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ సమంగా కలిసి ఎండను ఆపుతుంది. పలుమార్లు కరిగించిన ప్లాస్టిక్‌లో గొలుసులు ముందే తెగి ఉంటాయి, పైగా నలుపు సమంగా కలవదు.

పెరటి మనిషి, విజయవాడ:

అమ్మా, మీ వివరణ బాగుంది గానీ జనాన్ని మరీ భయపెట్టవద్దని మనవి. ఆ గరిటెల వార్తకు మూలమైన 2024 నాటి పరిశోధనలో లెక్కే తప్పు. డెకా బీడీఈ విషయంలో రోజుకు కిలో శరీర బరువుకు 7,000 నానోగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి 4,20,000 నానోగ్రాముల పరిమితి రావాలి, వాళ్ళు 42,000 అని వేశారు. ఆ డిసెంబరులోనే దిద్దుబాటు వచ్చింది. నేను ప్లాస్టిక్ గొడవ లేకుండా పాత లారీ టైర్లను కోసి వాటిలో గోంగూర వేస్తున్నాను.

రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం:

లెక్క తప్పన్నది నిజమే. వారు అంచనా వేసిన రోజువారీ మోతాదు 34,700 నానోగ్రాములు కనుక, సున్నా దిద్దుకున్నాక అది పరిమితిలో పదో వంతు కూడా కాలేదు. ఆ వస్తువుల్లో టీవీ డొప్పల రసాయనం ఎలా చేరిందన్న ప్రశ్న మాత్రం దిద్దుబాటుతో పోలేదు. టైర్ల విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. టైరు రబ్బరులో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, అది నీటితో జింక్‌ను వదులుతుంది. రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ క్వినోన్ అనే మరో పదార్థంగా మారుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో వాన కురిసినప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు చనిపోవడానికి అదే కారణమని 2020 చివర్లో తేలింది. గోంగూర తింటే ఏదో అవుతుందని అనడం లేదు. టైరును ప్లాస్టిక్‌కు మారుగా నమ్మవద్దని మాత్రమే నా మాట.

మిద్దెతోట, ఉప్పల్:

అందరికీ కృతజ్ఞతలు. నల్ల టబ్బుల్లోని పాలకూర, తోటకూరలను మట్టి కుండీల్లోకి మారుస్తాను. గట్టిగా ఉన్న నల్లవాటిలో బంతి, మందార వేసి, పెచ్చులు కొట్టుకుపోకుండా గొట్టం మూతికి జల్లెడ కడతాను. పగిలిన ఆరింటిని ఏం చేయాలి? మా వాచ్‌మన్ కాల్చేస్తానంటున్నాడు.

పాత దాణా మనిషి, కాటేదాన్:

కాల్చనివ్వకండి. వాటిలో పీవీసీ ముక్క ఉన్నా, బ్రోమిన్ మందు ఉన్నా ఆ పొగే టబ్బుకన్నా ప్రమాదం. పాడైన పై పొర మట్టిని పెచ్చులతో సహా తీసి, ఆ టబ్బులతో పాటు సంచిలో కట్టి పొడి చెత్త బండికి ఇవ్వండి. తుక్కు దుకాణంలో వేస్తే నాలుగు రూపాయలు వస్తాయి గానీ, అవి తిరిగి నల్ల దాణాలోకే పోతాయి.