ఈ వారం సమస్య: "అట్ట మంచమ్ము టేకున కన్న యయ్యె"

నిర్వాహకుడు: నిన్న మా అపార్టుమెంటు చెత్తకుండీ పక్కన ఒక అట్ట మంచం (పెట్టెలో ముక్కలుగా వస్తే మనమే మరలు బిగించుకునే రకం) చెక్కలు వానకు తడిసి అప్పడాల్లా ఉబ్బి కనిపించాయి. పైన ఒక కాగితం: "బాగానే ఉంది, తీసుకోండి." తెలుగులో! నవ్వుకుంటూ మెట్లెక్కుతుంటే ఈ పాదం తట్టింది. చివరి పాదం ఇదే, పై మూడూ మీరు కట్టి పూరించండి. గడువు ఆదివారం రాత్రి. పోయినసారిలా ఒక్కొక్కరు ఆరేసి పూరణలు పెట్టకండి. ఎవరిని అంటున్నానో వారికి తెలుసు.

యతిప్రియ: పూరణ తరువాత. ముందు "అ"కు "క" యతి ఎలా చెల్లిందో చెప్పండి. పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవాలి కదా.

నిర్వాహకుడు: టేకునకు + అన్న. క కింద అకారం దాక్కుని ఉంది. ఏడాదికొకసారి ఈ ప్రశ్న అడగకపోతే మీకు నిద్ర పట్టదనుకుంటాను.

సీసాల రాయుడు:

రెండువేల మూఁడున వచ్చి లేమిఁ గొంటి
నాన్న టేకుతోఁ జేయించె నాకు మొన్న
వయసు లెక్కించి చూడఁగా వరుస కలిసి
అట్ట మంచమ్ము టేకున కన్న యయ్యె.

కల్పన కాదు, మా ఇంటి సంగతే. గ్రీన్ కార్డు వచ్చాక అసలు మంచం కొందామని అప్పట్లో అనుకున్నాం. కార్డు వచ్చింది, పిల్లలు కాలేజీకి వెళ్ళారు, మంచం మాత్రం అదే. నాన్నగారు చేయించిన టేకు మంచం అమలాపురంలో దుప్పటి కప్పుకుని మా కోసం ఎదురు చూస్తోంది. రెండేళ్ళకొకసారి వెళ్ళి పది రాత్రులు పడుకుంటాం.

యతిప్రియ: అన్న అనే మాటను వయసుకు ముడిపెట్టారు. భేష్. మెచ్చుకోవడం అయింది కనుక ఇక అసలు విషయం. "కలిసి" క్త్వార్థం, అంటే "చేసి, వచ్చి" లాంటి మాట, దానికి సంధి లేదు. యడాగమం చేసి, అంటే మధ్యలో యకారం చేర్చి, "యట్ట" అనాలి. అప్పుడు ఇచ్చిన సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది.

నిర్వాహకుడు: పాదాంతంలో మనిషిని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి.

గోదారి మనవరాలు: రాయుడుగారూ, అన్నేళ్ళు నిలిచిందంటే మీరు దానిని ఒక్కసారి కూడా విప్పలేదన్నమాట. విప్పి బిగిస్తేనే అసలు కథ మొదలవుతుంది. మూడోసారికి మర రంధ్రాలు వదులైపోతాయి. మా వారు అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రాల్లో దూర్చి, ఆరాక మళ్ళీ మర తిప్పుతారు. వంటింటి సొరుగులో మంచాలతో వచ్చిన మర తిప్పే అలెన్ కీలు పదకొండు పోగయ్యాయి. ఏది ఏ మంచానిదో ఆ దేవుడికే తెలియాలి. ఇదిగో నా పూరణ:

ఇల్లు మాఱినఁ బెట్టెలో నిమిడి వచ్చు
తాత మంచమ్ము గడపనే దాఁటి రాదు
ఒదిగి యొదిగియు నెందైన నుండుఁ గాన
అట్ట మంచమ్ము టేకున కన్న యయ్యె.

సీసాల రాయుడు: మొదటి రెండు పాదాలూ ముత్యాలు. "ఒదిగి యొదిగియు" మాత్రం గణాల సంచి నింపడానికి వేసిన ఊక.

గోదారి మనవరాలు: ఊక కాదండీ, రంపపు పొట్టు. విషయానికి తగ్గట్టే ఉంది.

యతిప్రియ: రెండో పాదంతో నాకు పేచీ ఉంది. మా తాతగారి పందిరి మంచం గడపే కాదు, సముద్రం కూడా దాటి ఓడలో వచ్చింది. కాకపోతే ఇక్కడ మెట్ల మలుపు తిరగలేదు. గ్యారేజీలో పెట్టాం. చికాగో చలికాలపు పొడి గాలికి ఒక కోడు నిలువునా పగిలింది. అయినా అది టేకు.

గోదారి మనవరాలు: చూశారా, మెట్ల మలుపు దగ్గరే గెలుపోటములు తేలిపోయాయి. 1956లో స్వీడన్ సామాన్ల కంపెనీ ఐకియాలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన బల్ల కారులో పట్టక కాళ్ళు ఊడదీశాడట. పెట్టెలో చదునుగా సర్ది అమ్మే పద్ధతికి అదే నాంది అంటారు. మీ తాతగారి మంచానికి ఆ యోగం లేదు.

పిఠాపురం పండితుడు: అందరూ మంచం కింద దూరి వెతుకుతున్నారు. పాదాన్ని ముక్కలు చేస్తే సరి.

పెట్టె దేనితోఁ జేసిరి? వేడ్క నిదుర
దేనిపై వచ్చుఁ? దలుపులు దేన నమరు?
భరతునకు రాముఁ డేమయ్యెఁ? బలుకు మన్న,
అట్ట మంచమ్ము టేకున కన్న యయ్యె.

నిర్వాహకుడు: ఓహో, క్రమాలంకారం! వరుస ప్రశ్నలకు వరుసనే జవాబులు. గుటకాయస్వాహా చేసేశారు సమస్యను.

సీసాల రాయుడు: అంత తొందరగా చప్పట్లు వద్దు. "దేన నమరు" అంటే జవాబు "టేకునన్". దానికి "అన్న" కలిస్తే "టేకున నన్న" అవుతుంది. "క" ఎవరిది? మంచం బిగించాక చేతిలో ఒక మర మిగిలిపోతుందే, అలా మిగిలింది.

గోదారి మనవరాలు: ఈ వారానికి ఈ మాట చాలు.

పిఠాపురం పండితుడు: పోయిన దీపావళి సమస్యకు "ల"కు "డ" యతి వేసి, అడిగితే లడలకు అభేదమని తప్పించుకున్నవారు ఈ రోజు నా కకారాన్ని లెక్కపెడుతున్నారు. కాలమహిమ.

సీసాల రాయుడు: అభేదం నేను పుట్టించింది కాదు. ఆ పూరణకు మొదటి బహుమతి వచ్చిందనే మీ బాధ. మీది మూడోది, అందులోనూ క్రమాలంకారమే. అంతకు ముందు ఉగాదికీ అదే. ఒకే అలెన్ కీతో ఇల్లంతా బిగిస్తారు మీరు.

యతిప్రియ: ఆ దీపావళి పూరణలో యతి కన్నా ఘోరం రెండో పాదంలో పొసగని మాటలు అతికించిన దుష్టసమాసం. అప్పుడే అందామనుకున్నాను.

నిర్వాహకుడు: దీపావళి అయిపోయింది. మంచం దగ్గరకు రండి.

సీసాల రాయుడు: సరే, పండితులవారికి ఉచిత సేవ. రెండో పాదం ఇలా మార్చండి: "దేనిపై వచ్చు? వెల హెచ్చు దేనికయ్య?" జవాబు టేకునకు. కకారం కూర్చుంది. "దేనితో" అన్నదానికి "అట్టతో" అని రావాలన్న మాటను స్నేహం కొద్దీ ఎత్తడం లేదు.

పిఠాపురం పండితుడు: ఎత్తనే ఎత్తారు. సవరణకు కృతజ్ఞతలు. వాడుకోను.

కూకట్‌పల్లి కవయిత్రి: దూరంగా ఉండి చదువుతున్నాను, ఒక్క మాట. మీరంతా అట్ట అని ఈసడించే ఆ సామాను కోసం ఇక్కడ 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో జనం విరగబడ్డారు. దేశంలో ఐకియా మొదటి దుకాణం అది. మా ఆడపడుచు డల్లాస్ నుంచి వచ్చి, మా హాల్లో ఐకియావారి "లాక్" అనే బల్ల చూసి, "వదినా, ఇది మా దగ్గర స్టూడెంట్లు కొంటారు" అంది. అదే బల్ల మీద కాఫీ తాగింది. వాళ్ళింట్లో అలాంటివే రెండు ఉన్నాయని మా అన్నయ్య ఫోనులో చెప్పాడు.

యతిప్రియ: ఆ బల్ల లోపల ఉన్నది నిజంగా కాగితమే. తేనెపట్టులా గదులు గదులుగా అమర్చిన కాగితం, పైనా కిందా పలుచని చెక్క. తలుపులు చేసే పద్ధతి అది. కనుక "అట్ట" అన్న మాట తిట్టు కాదు, వర్ణన. ఇది టేకు పక్షం వాడు చెబుతున్నాడని గమనించాలి.

డెంటన్ విద్యార్థి: అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఈ ఏడాదే మొదలుపెట్టాను. తప్పులుంటే మన్నించండి.

నలుగు రన్నలు వాడిరి, నాకు నిచ్చి
వెడలి రింటికి, వేఱొక్క పిల్లవాని
కిత్తు; నింతమందిని మోచె; నింక నేమి!
అట్ట మంచమ్ము టేకున కన్న యయ్యె.

మా సీనియర్ అన్న వెళ్తూ వెళ్తూ ఇరవై డాలర్లకు ఇచ్చాడు. అడ్డపట్టీ మీద తనకు ముందు పడుకున్న ముగ్గురి పేర్లూ పెన్సిలుతో రాసి ఉన్నాయి. కింద తన పేరూ రాశాడు. మే నెలలో నా చదువు అయిపోతుంది.

సీసాల రాయుడు: నా 2003 నాటి మంచం కన్నా ఇదే అన్న. నా పూరణ వెనక్కి తీసుకుంటున్నాను.

పిఠాపురం పండితుడు: ఏకీభవిస్తున్నాను. రాయుడుగారితో నేను ఏకీభవించిన తేదీ ఎవరైనా రాసి పెట్టుకోండి.

నిర్వాహకుడు: యతిప్రియగారు ఇంకా నోరు విప్పలేదేమిటి? "పిల్లవాని / కిత్తు" దగ్గర యతి చూశారా?

యతిప్రియ: చూశాను, చెల్లింది. బాబూ, మా అక్క కొడుకు ఆగస్టులో మీ ఊరికే వస్తున్నాడు. ఆ మంచం ఎవరికైనా మాట ఇచ్చావా?