హార్మోన్ల వల్ల ఇతరుల మాటకు త్వరగా లొంగిపోతామా? మీ అనుభవాలు చెప్పండి

తొలిపొద్దు:
పాప పుట్టిన కొత్తలో ఎవరేం చెప్పినా తలూపేదాన్ని. అత్తయ్య ఒకటంటే అదే సరి, మా అక్క దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్తే అదీ సరే! మామూలుగా నాది మొండి రకం. పాలిచ్చేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ నమ్మకాన్ని పెంచుతుందని చదివాను. ఇంకెవరికైనా ఇలా జరిగిందా?

గోధూళి:
నాకూ అంతేనండీ. కానీ నేనైతే నిద్ర లేకపోవడమే కారణం అంటాను. రాత్రంతా మేలుకుంటే వాదించే ఓపిక ఎక్కడుంటుంది?

బీకర్:
ఆక్సిటోసిన్ నమ్మకాన్ని పెంచుతుందన్న మాటకు బలం వచ్చింది 2005లో జ్యూరిక్‌లో చేసిన ప్రయోగంతో. ముక్కులో ఆక్సిటోసిన్ స్ప్రే చేయించుకున్న మగవాళ్లు, డబ్బుతో ఆడే ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్లను ఎక్కువగా నమ్మారు. 2020లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే ఆ ప్రభావం నిలబడలేదు. ఈ సంగతి మాత్రం ఎవరూ షేర్ చేయరు, నాకు బాధ అక్కడే.

నాకు ఆసక్తిగా అనిపించింది 2012 నాటి ఇంకో ప్రయోగం. అర్థం తెలియని గుర్తులు చూపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నారు. ఆక్సిటోసిన్ తీసుకున్నవాళ్లు తమ జట్టు అభిప్రాయం వైపు మొగ్గారు. అవతలి జట్టువైపు అలా మొగ్గలేదు. అంటే అందరి మాటా కాదు, మనవాళ్ల మాట. ఇది కూడా స్ప్రేతో చేసిందే కాబట్టి తుది మాటగా తీసుకోను. తొలిపొద్దు గారూ, మీరు బయటివాళ్ల మాటకు కూడా అలాగే తలూపేవారా?

తొలిపొద్దు:
లేదండీ! క్లినిక్‌లో తెలియని ఆవిడ సలహా ఇస్తే చిరాకు పడ్డాను. ఇంట్లోవాళ్ల దగ్గరే మెత్తబడ్డాను.

రెండోషిఫ్ట్:
నాది తలకిందుల కథ. డాక్టర్ టెస్టోస్టెరాన్ (మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్) జెల్ రాసిచ్చాక ఆఫీసులో "కాదు" అనడం తేలికైంది. నీరసం తగ్గడం వల్ల కూడా కావచ్చు, రెండింటినీ విడదీయలేకపోతున్నాను.

బీకర్:
2010లో ఆడవాళ్లకు టెస్టోస్టెరాన్ ఇచ్చి చూశారు. కొత్త ముఖాల మీద నమ్మకం తగ్గింది, అదీ సులువుగా నమ్మే స్వభావం ఉన్నవాళ్లలోనే. మనిషి స్వభావం పక్కన పెట్టి హార్మోన్ ఒక్కదాన్నే చూస్తే లెక్క తప్పుతుంది.

గోధూళి:
తొలిపొద్దూ, కాన్పయ్యాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, మనసు అటూఇటూ అవుతుంది. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. నేను ఆలస్యం చేయకుండా వెళ్లాను, చాలా మేలైంది. పెద్ద నిర్ణయాలేవైనా ఉంటే మనసు కుదుటపడేదాకా ఆపండి.