ధ్రువ పవనం: 0.55 వోల్టులు ఆక్సిజన్ అయాన్లను అంతరిక్షానికి ఎలా చేరుస్తాయి?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. ఎమ్మెస్సీ విద్యార్థుల సెమినార్ కోసం ధ్రువ పవనం (ధ్రువాల దగ్గర పై వాతావరణం నుంచి అంతరిక్షంలోకి సాగే అయాన్ల ప్రవాహం) మీద పాఠం తయారు చేస్తున్నాను. 2022 మే 11న స్వాల్‌బార్డ్ నుంచి ఎగిరిన నాసా వారి ఎండ్యూరెన్స్ రాకెట్, సుమారు 250 నుంచి 770 కిలోమీటర్ల ఎత్తుల మధ్య 0.55 వోల్టుల పొటెన్షియల్ తేడాను కొలిచింది. ఈ తేడా వెనకున్న విద్యుత్ క్షేత్రం హైడ్రోజన్ అయాన్‌ను దాని బరువుకు 10.6 రెట్ల బలంతో పైకి నెడుతుందని చెప్పారు గనుక అక్కడ పేచీ లేదు. 16 రెట్లు బరువైన ఆక్సిజన్ అయాన్‌కు అదే లెక్క వేస్తే, ఆ బలం దాని బరువులో మూడింట రెండు వంతులకు మించడం లేదు. అయినా ఉపగ్రహాలు వేల కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ అయాన్లను చూశాయి. నా లెక్క ఎక్కడ తప్పిందో దయచేసి చెప్పగలరు.

సమాధానం: మీ లెక్క తప్పలేదండీ. తేలికైన ఎలక్ట్రాన్లు పైకి పోబోతే, బరువైన అయాన్లు వెనకబడకుండా రెండింటినీ కలిపి ఉంచేందుకు పుట్టే క్షేత్రమిది. ఆక్సిజన్ అయాన్లే ఎక్కువగా ఉన్న చోట, ఎలక్ట్రాన్ల, అయాన్ల ఉష్ణోగ్రతలు సమానమైతే అది ఆక్సిజన్ అయాన్ బరువులో సగం మోస్తుంది. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత రెట్టింపైతే మూడింట రెండు వంతులు మోస్తుంది. మీకు వచ్చిన సంఖ్య ఇదే. మిగిలిన మూడో వంతు బరువుతో ఆక్సిజన్ అయాన్లు ఈ క్షేత్రం లేనప్పటికన్నా చాలా ఎత్తు దాకా పరచుకుంటాయి గాని, ఆ క్షేత్రం ఒక్కదానితోనే భూమిని విడిచిపోలేవు. అందుకు వాటికి దాదాపు 10 ఎలక్ట్రాన్ వోల్టుల (ఒక వోల్టు తేడా దాటితే ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు) శక్తి కావాలి. రాకెట్ కొలిచిన తేడా ఇచ్చేది అర ఎలక్ట్రాన్ వోల్టుకు కాస్త ఎక్కువ మాత్రమే.

మిగతా శక్తి పై అంచెలో దొరుకుతుంది. ధ్రువ జ్యోతుల మండలంలోనూ, పగటి వైపు సౌర పవనం నేరుగా దిగే ఇరుకు ప్రాంతంలోనూ ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు) తరంగాలు అయాన్లను భూమి అయస్కాంత బలరేఖలకు అడ్డంగా వేడెక్కిస్తాయి. పైకి పోయేకొద్దీ అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది గనుక ఆ అడ్డపు వేగం క్రమంగా బలరేఖ వెంబడి వేగంగా మారుతుంది. 1981లో ప్రయోగించిన డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహం ఇలా ఎగజిమ్మే అయాన్లను గమనించింది. నన్నడిగితే పాఠంలో ఈ రెండు అంచెలనూ విడివిడిగా చెప్పడమే మేలు.

ప్రశ్న: చాలా కృతజ్ఞతలు. ఎలక్ట్రాన్లు అన్ని అక్షాంశాల్లోనూ ఉండగా, ఈ ప్రవాహం ధ్రువాల దగ్గరే ఎందుకు?

మరొక సభ్యుని సమాధానం: క్షేత్రం అన్నిచోట్లా ఉంటుంది, తేడా బలరేఖల్లో ఉంది. తక్కువ అక్షాంశాల్లో బలరేఖ ఎదుటి అర్ధగోళంలో మళ్ళీ భూమికే దిగుతుంది గనుక, పైకెళ్ళిన ప్లాస్మా ఆ గొట్టంలోనే నిండి ఆగిపోతుంది. ధ్రువ ప్రాంతపు బలరేఖలు అయస్కాంతావరణపు తోకలోకి (సూర్యుడికి ఎదుటి వైపు భూమి అయస్కాంత క్షేత్రం పొడవుగా సాగిన భాగంలోకి) సాగిపోతాయి, అక్కడ ఎదురొత్తిడి నామమాత్రం. ఒక్క మనవి: తోకలోకి చేరిన అయాన్లలో కొన్ని భూమి వైపు తిరిగి వస్తాయి. అందుచేత ధ్రువాల నుంచి బయలుదేరిన అయాన్ల సంఖ్యను యథాతథంగా వాతావరణ నష్టంగా విద్యార్థులకు చూపకండి.